జతపరచిన జాబితా

పదహారు ఉత్తరాలు! ఒక్క సరుకు ఓడ కోసం ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి ఐదు నెలల్లో రాసినవి. అన్నీ కొట్టింది విదేశాంగ శాఖ మూడో అంతస్తులో ఉండే టైపిస్టే. మా జలాల్లోకి వచ్చిందని అవతలి నౌకాదళం ఓడను పట్టుకుంది. రాలేదని వీళ్ళంటారు. వచ్చింది, రాలేదు, వచ్చింది, రాలేదు. చిన్నపిల్లలు నయం, కాసేపటికి విసుగొచ్చి ఊరుకుంటారు.

ఆ ఓడలో ఎలక్ట్రీషియన్ ఈ టైపిస్టమ్మ తమ్ముడే. అందుకే ఉత్తరం వెనక జతపరిచే సిబ్బంది జాబితాను ఆమె ఏనాడూ చదవలేదు. ఓడ కంపెనీ మొదట్లో ఇచ్చిన కాగితానికే నకలు తీసి, బోర్లించి పిన్ను కొట్టేసేది. అందులో వాడి పేరు కనబడితే ఏడుపొస్తుంది. ఏడుస్తూ కూర్చుంటే పని సాగదు.

ఇవాళ ఎట్టకేలకు అవతలివాళ్ళు దిగొచ్చారు. ఓడను ఇవ్వరట, మనుషుల్ని వదిలేస్తారట, జాబితాలో ఉన్నవాళ్ళని మాత్రమే. రెండు గంటలకు సంతకాలు. ఇంకేం భయమని ఆమె మొదటిసారి ఆ కాగితం తిప్పి చూసింది. ఇరవై రెండు పేర్లు. ఒకటికి నాలుగుసార్లు చదివింది. తమ్ముడి పేరు లేదు. జనరేటరు పాడైందని వాణ్ణి దారిలో ఒక రేవులో ఎక్కించుకున్నారు. ఈ కాగితం అంతకుముందుది!

పరుగున వెళ్ళి, తమ్ముడి పేరు లేదని ఆఫీసరుకు చూపించింది. "ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?" అనబోయి ఆయన మింగేశాడు. తనూ చదవలేదు మరి.

"ఇప్పుడు ఒక్క పేరు కలిపినా కథ మళ్ళీ మొదటికొస్తుంది. వాళ్ళు సాకు కోసమే కాచుక్కూర్చున్నారు. నువ్వు ఆపమంటే సంతకాలు ఆపుతాను."

"అది నా నెత్తిన పెడతారేంటి సార్?" అంది. అరిచే ఓపిక కూడా లేదు.

ఓడవాళ్ళకి వారానికోసారి రెండు నిమిషాలు ఫోనిస్తారు. పన్నెండింటికి తమ్ముడు చేశాడు. గొంతులో ఎంత హుషారో! ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నేనూ బట్టలు సర్దేసుకున్నానే అక్కా," అన్నాడు.

"ఆపించనా? చెప్పరా, ఆపించేస్తాను."

"వద్దు. మా కెప్టెన్ ముసలాయనకి మందులైపోయి పది రోజులైంది. పోనీ, అందర్నీ పోనీ. లైట్లు ఆర్పడానికి ఒకడుండాలిగా?" నవ్వాడు. "ఈసారి మాత్రం నా పేరు మర్చిపోకే."

ఫోను కట్టయిపోయింది.

రెండింటికి కింది అంతస్తులో చప్పట్లు వినిపించాయి. ఆమె పదిహేడో ఉత్తరం మొదలుపెట్టింది. అవే మాటలు, అదే మర్యాద. అదయ్యాక కొత్త కాగితం మీద జాబితా కొట్టింది. ఒక్కటే పేరు. ఏడుస్తూనే, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది.