ఎరుక లేదన్న మాట

ఆలేరు స్టేషనుకు అవతల, పత్తి మిల్లు దాటాక యాదగిరి గారి పెంకుటిల్లు ఉండేది. ఆయన రైలింజన్ల షెడ్డులో ఫోర్మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. భార్య అరుణమ్మకు కీళ్లవాతం. చలికాలం వచ్చిందంటే ఆమె వేళ్లు కొంకర్లు పోయి, మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయేది. మందులన్నీ వాడి చూశాక యాదగిరి గారు చివరికి తనకు తెలిసిన విద్యనే నమ్ముకున్నాడు. తుక్కులో ఒక చిన్న బాయిలర్ కొని పెరటి గదిలో దింపించాడు. వేడినీళ్ల గొట్టాలను భార్య గది గోడల వెంట చుట్టూ తిప్పి మళ్లీ బాయిలర్‌లోకే తెచ్చాడు. పుష్యమాసపు చలికి ఊరంతా వణుకుతుంటే ఆ ఒక్క గదిలో మాత్రం వెచ్చగా ఉండేది.

ఆ బాయిలర్‌కు బొగ్గు వేసే మనిషి గండయ్య.

గండయ్య నేతగాడు. నూలు దొరక్క మగ్గం మూలపడితే పెళ్లాం పిల్లలను ఊళ్లోనే ఉంచి పని వెతుక్కుంటూ ఆలేరు వచ్చాడు. చీకటితోనే లేచి బూడిద గోకి తీసి, మంట రాజేసి, పొద్దుగూకేదాకా పారతో కొంచెం కొంచెంగా బొగ్గు వేస్తూ ఉండాలి. ఎక్కువ వేస్తే నీళ్లు మరిగి గొట్టాలు దడదడలాడతాయి. తక్కువైతే అమ్మగారి గది చల్లబడుతుంది. పని వారం రోజుల్లో పట్టుబడింది. ఒంటికి పట్టిన నలుపే ఎంత రుద్దినా పోయేది కాదు. తెల్లని నూలు మాసిపోకుండా రోజుకు పదిసార్లు చేతులు కడుక్కునే ఇంట్లో పుట్టినవాడు. తన గోళ్లు తనే చూసుకోలేకపోయేవాడు.

అందుకే సంక్రాంతికి అక్క లక్ష్మీనర్సమ్మ ఇంటికి పోయినప్పుడు, ఏం పని చేస్తున్నావని బావ అడిగితే, రైల్వే దొర దగ్గర ఆఫీసు పని అన్నాడు. తల్లి పోయాక గండయ్యను పెంచింది అక్కే. మగ్గం గుంటలో తన పక్కన కూర్చోబెట్టుకుని నాడె పట్టి బట్ట నేయడం నేర్పింది కూడా ఆమే. ఆ మాట విని ఆమె మురిసిపోయింది. సాయంత్రానికల్లా వాడకట్టంతా చెప్పేసింది. గండయ్య ఆ మాటను వెనక్కి తీసుకోలేకపోయాడు.

ఒక అంగడి రోజు, మధ్యాహ్నం వేళ, అరుణమ్మ గదిలోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. చీరెల మూట విప్పి బేరం చెబుతోంది. గండయ్య చేతిలో పార ఆగిపోయింది. అది అక్క గొంతు. గది ఇంత వెచ్చగా ఎట్లుందని ఆమె అడుగుతోంది. రా చూపిస్తాను అంటూ అరుణమ్మ కర్ర పట్టుకుని లేచిన చప్పుడయింది.

పారిపోవడానికి వేరే తలుపు లేదు. గండయ్య తువ్వాల తలమీదికి లాక్కుని, పొయ్యి నోటికి మొహం పెట్టి కూర్చున్నాడు. ఇద్దరూ గడప దగ్గరికి వచ్చారు.

"నువ్వు పద్మశాలోళ్లమంటివి గద. మా గండయ్యది గూడ మీ కులమే, మీ దిక్కే" అంది అరుణమ్మ. "ఏం గండయ్యా, గీమె నీకు ఎరుకనా?"

గండయ్య వెనక్కి తిరగలేదు.

"ఎరుక లేదమ్మా" అన్నాడు.

తన చేతుల మీద పెరిగినవాడి గొంతును అక్క గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది?

"మాక్కూడ ఎరుక లేదమ్మా" అని, పొద్దు పోతోందంటూ మూట కట్టుకుని వెళ్లిపోయింది.

నిప్పుల సెగకు గండయ్య మొహం కాలిపోతున్నా అక్కడినుంచి కదలలేదు. సాయంత్రం అంగడి దాకా వెళ్లాడు. ఊరివాళ్ల బండి మీద అక్క కూర్చుని ఉంది. చుట్టూ తెలిసిన మొహాలు. ఒక్క పిలుపు పిలిస్తే దిగి వచ్చేది. బండి కదిలి సడక్ ఎక్కేదాకా బెల్లం దుకాణం చాటున నిలబడి, తిరిగి వచ్చాడు. నా పరువు కోసం అక్క అబద్ధమాడింది అన్న ఆలోచన అతన్ని అన్నం తిననివ్వలేదు.

రెండు రోజులకు సెలవు అడుక్కుని అక్క ఊరికి నడిచాడు. పోయేసరికి బావ వెంకటనర్సు, పక్కింటి కిష్టయ్య అరుగుమీద కూర్చుని ఉన్నారు. కిష్టయ్య ఆదరంగా జాగా ఇచ్చి, తన కొడుకును కూడా ఆ ఆఫీసులో పెట్టించమని మొదలుపెట్టాడు. అక్క లోపల మగ్గం మీద ఉంది. నేత చప్పుడు ఆగింది.

"ఆఫీసు లేదు, ఏం లేదు" అన్నాడు గండయ్య. "దొర ఇంట్ల బాయిలర్‌కు బొగ్గేస్తున్న."

కిష్టయ్య పని ఉందని లేచిపోయాడు. బావ లోపలికి తిరిగి, "నీకు ఎరుకనా?" అని భార్యను అడిగాడు.

"ఎరుకే" అంది ఆమె.

గండయ్య లోపలికి వెళ్లి మగ్గం గుంట పక్కన కూర్చున్నాడు. నా కోసం నువ్వు అబద్ధమాడవలసి వచ్చింది, మన్నించమన్నాడు. ఆమె తెగిన పోగు ముడివేసింది.

"నీ కోసం అన్ననా?" అంది. "నేను గట్లనే అనుకోవాలనుకున్న. బండి మీద ఇల్లు చేరేదాక గదే అనుకున్న. కాదు తమ్ముడా. గా నల్లటి మనిషి నా తమ్ముడని చెప్పనీకె నాకు సిగ్గయింది. నేను ఎత్తుకొని పెంచినోనివి."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. తర్వాత ఆమె లేచి అన్నం పెట్టింది. అతను తిన్నాడు.

మర్నాడు పనిలోకి వచ్చి, మంట రాజేశాక, గండయ్య అరుణమ్మ గది గడపలో నిలబడ్డాడు. ఆ రోజు చీరెలు తెచ్చినామె తనకు తోడబుట్టిన అక్క అని చెప్పాడు. కోప్పడుతుందనుకున్నాడు.

అరుణమ్మ వంకర వేళ్లను వెచ్చని గొట్టానికి ఆనించుకుని కూర్చుని ఉంది.

"ఆడబిడ్డ ఇంటికొస్తే ఒక్క బుక్కెడన్న పెట్టకపోతిమి" అంది. "నాకు చెప్పకపోతివి గండయ్యా."

గండయ్య పెరటి గదికి వెళ్లాడు. నిప్పు సన్నగిల్లింది. పార అందుకుని బొగ్గు వేశాడు.