బార్లో కౌంటీ జనాభా

పురుషోత్తం మౌస్ చక్రం తిప్పుతూ ఆకాశం నుంచి కిందికి దిగుతున్నాడు. ముందు గుండ్రటి పొలాలు కనిపించాయి, పెద్ద పెనం మీద ఎవరో వరసగా పెసరట్లు పోసినట్టు. తర్వాత గళ్ళనోటుబుక్కు గీతల్లాంటి మట్టిరోడ్లు. ఆ తర్వాత, చాలాసేపు వెతికితే, ఒక ఇల్లు. అమెరికా నడిమధ్యన ఉండే బార్లో కౌంటీలో ఇంతకంటే తొందరగా ఇల్లు దొరకదు.

సింగపూర్‌లో, సెరంగూన్ పేటలో ఆరో అంతస్తు ఆఫీసులో ఆయన ఉద్యోగం ఇదే. మ్యాపుల్లోని ఊళ్ళ పేర్లు, రోడ్లు, జనాభా సరిగా ఉన్నాయో లేదో ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూడాలి. తప్పుందని ఎవరైనా ఫిర్యాదు రాస్తే పరిశీలించి మూసెయ్యాలి. ఏడేళ్ళుగా ఆయన వాటాకు వచ్చింది బార్లో. మూడు సింగపూర్లు పట్టేంత నేల, ఐదువందల లోపు జనం. సెంబవాంగ్‌లో ఆయనుండే బ్లాకులోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. పొద్దున ఏడున్నరకి వాళ్ళంతా ఒకే లిఫ్టు కోసం నిలబడతారని ఆయన అనుమానం.

వంతెన దాటి మలేసియాలోని జొహోర్ వెళ్ళిరావడమే విదేశయానమనుకునే మనిషికి బార్లో కంఠతా వచ్చు. అక్కడి వాగు ఆగస్టులో ఎండిపోతుంది. కౌంటీ కేంద్రం డన్‌బీలో ఒక బడి, ఒక పెట్రోలు బంకు ఉన్నాయి, ట్రాఫిక్ లైటు లేదు. తూర్పు వైపున ఇంటికీ ఇంటికీ మధ్య ఎనిమిది మైళ్ళు. భార్య ఆండాళమ్మ దెప్పుతుంది: "ఆ ఊరి ఆవుల లెక్క కూడా సెప్తారు. మన ఎదురింటోళ్ళ పేరేటో సెప్పండి సూద్దాం." తెలియదు. ఆయన పుట్టిన సింగపూర్ నేవల్ బేస్ కూలీల లైను ఇళ్ళు ఇప్పుడు ఏ మ్యాపులోనూ లేవు. దాని మీద ఆయన ఎవరికీ ఫిర్యాదు రాయలేదు.

ఈ పొద్దు మెయిల్‌బాక్సులో ఒక ఉత్తరం నల్లటి లావు అక్షరాలతో, ఇంకా తెరవకుండా ఉంది. బార్లో కౌంటీ గుమాస్తా కార్యాలయం నుంచి వచ్చింది. నిన్న సాయంత్రం ఈయన రాసినదానికే జవాబు. పురుషోత్తం దాని పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వెళ్ళాడు గానీ దాని మీద నొక్కలేదు. నాలుగు రోడ్ల పేర్లు సరిచేశాడు. ఒక కూలిన వంతెనను తీసేశాడు. ఫ్లాస్కులో కాఫీ అయిపోయేదాకా తాగాడు. పన్నెండు లోపు ఇన్ని పనులు ఆయన ఏడేళ్ళలో ఎన్నడూ పూర్తి చెయ్యలేదు.

రెండున్నర నెలల కిందట లోన్ ఫోర్క్ అనే పల్లెను ఆయనే తీసేశాడు. పల్లె అంటే ఒక్క ఇల్లు, ఒక కొట్టం. జనాభా: 1. మూడేళ్ళ చిత్రాల్లో కారు గానీ, కొత్త చక్రాల జాడ గానీ కనిపించకపోతే మనుషుల్లేనట్టే లెక్క అన్నది ఆఫీసు నియమం. ఇంటి మీదికి చెట్లు కమ్ముకున్నాయి. ఆ రోజు చూడాల్సిన చోట్లు ఇంకా ఇరవై రెండు మిగిలున్నాయి. ఒకటిని సున్నా చేశాడు. మ్యాపు మీది చుక్క మాయమైంది. కౌంటీ జనాభా 487 కాస్తా 486 అయింది.

పదకొండు రోజులకు మొదటి ఫిర్యాదు వచ్చింది. వెర్నా హోల్ట్, వయసు ఎనభై ఒకటి. 'నేనిక్కడే ఉన్నాను. కారు కొట్టంలో ఉంది. ఇప్పుడు నడపడం లేదు.' పురుషోత్తం చదివాడు. చదివి, తయారుగా ఉన్న జవాబు మీద నొక్కాడు: 'ఉపగ్రహ చిత్రంలో మీ ఉనికికి ఆధారం కనిపించలేదు. ధన్యవాదాలు.' తప్పు ఒప్పుకుంటే ఆయన స్కోరు పడిపోతుంది. తొంభై ఎనిమిదికంటే తగ్గితే కాంట్రాక్టు పొడిగించరు. ఆయనకు యాభై ఆరేళ్ళు.

రెండోది: 'కొత్త నర్సు ఫోన్లో మ్యాపు చూసుకుంటూ వచ్చి, దారి దొరక్క వెనక్కి వెళ్ళిపోయిందట.' అదే జవాబు.

మూడోది ఒక్క వాక్యం: 'ఆధారమంటే ఎలాంటిది కావాలో చెప్పండి.' దానికీ అదే బొత్తం నొక్కాడు.

ఆ తర్వాత ఫిర్యాదులు లేవు. మొదటి వారం హాయిగా ఉంది. రెండో వారం నుంచి రైల్లో ముసలివాళ్ళకి సీటిచ్చి, వాళ్ళు థాంక్యూ అంటే మొహం తిప్పుకోవడం మొదలైంది. నిన్న ఉండబట్టలేక, లోన్ ఫోర్క్‌లో ఎవరైనా ఉన్నారా అని కౌంటీ గుమాస్తాకు రాశాడు.

మధ్యాహ్నం హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర, సింగపూర్ పద్ధతిలో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబులు పట్టి ఉంచింది టీమ్ లీడ్ కీర్తిక. హైదరాబాద్ పిల్ల, ఆయన కూతురికంటే చిన్నది, ఆయన స్కోరు చూసేది ఆమే.

"అంకుల్, దోశ సల్లగైతుంది. ఏమైంది ఇయ్యాల?"

"ఒక తప్పు పని సేసేసానమ్మా."

"మీరా?" కీర్తిక నవ్వింది. "నేను ఒక్క కామా మర్సిపోతే మూడు మెయిల్స్ పెడ్తరు మీరు."

చెప్పాడు. ఆమె చెంచా కింద పెట్టేసింది.

"మూడుసార్లా?"

"మూడుసార్లు."

"సదవకుండనా?"

"సదివే నొక్కాను."

కీర్తిక ప్లేటు పక్కకి నెట్టింది. "నాకు చెప్తే అయిపోతుండె కదా. నేనేమన్న తింటనా మిమ్మల్ని?"

"ఈ వయసులో తీసేస్తే నాకెవుడిస్తాడు పని? సెక్యూరిటీ గార్డుకి కూడా నా హైటు సాలదు లా," అన్నాడు, చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి.

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "కౌంటీ ఆఫీసోళ్ళు జవాబిచ్చిన్రా?"

"పొద్దున్నే వొచ్చింది. తెరవలేదు."

"పదండి. ఇద్దరం చూద్దాం. ఆమె ఉంటే చుక్క వెనక్కి పెట్టేద్దాం. స్కోర్ సంగతి నేను మాట్లాడ్త."

ఆ మాటతో ఆయన చల్లారిపోయిన దోశ మొత్తం తినేశాడు. నడుస్తూ, చుక్క పెట్టాక ఆ ముసలమ్మకు సొంతంగా ఏం రాయాలో మనసులో కూర్చుకున్నాడు. క్షమించండి అన్న మాట ముందుండాలా, చివర ఉండాలా అన్నదొక్కటే తేలలేదు.

ఉత్తరం తెరిచాడు. గుమాస్తా మంచి మనిషిలా ఉంది.

'ఇంత చిన్న కౌంటీ గురించి ఎవరూ అడగరు, మీరు అడిగినందుకు సంతోషం. మిసెస్ హోల్ట్ ఈ నెల తొమ్మిదిన నిద్రలోనే పోయారు. శనివారం ఖననం జరిగింది. లోన్ ఫోర్క్‌లో ఇక ఎవరూ లేరు కనుక మీ మ్యాపు సరిగానే ఉంది. మా జనాభా ఇప్పుడు 486.'

పురుషోత్తం మ్యాపులో ఆ అంకె రెండున్నర నెలలుగా ఉంది.

"అంటే డిలీట్ కరెక్టే అన్నట్టు. మీ స్కోర్ ఏం పోదు అంకుల్..." అనేసి కీర్తిక నాలుక కరుచుకుంది. "సారీ. గట్ల అనొద్దుండె."

"నర్సు మళ్ళీ ఎల్లిందో లేదో రాయలేదు."

"నిద్రల పోయింది కదా. నర్సొచ్చినా ఏం చేస్తుండె..."

"ఏమో."

మీటింగు ఉందని ఆమె లేచింది. వెళ్తూ ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయి, కుర్చీ మీద వేసి వెళ్ళిపోయింది.

పల్లెను శాశ్వతంగా మూసెయ్యాలంటే కొత్త చిత్రం ఒకటి తెరవక తప్పదు. ఈ నెల నాలుగున తీసినది తెరిచాడు. పెసరట్ల మీదుగా, మట్టిరోడ్ల మీదుగా దిగాడు. అవే చెట్లు, అదే కొట్టం. కానీ ఇంటి ముందు, నీడ దాటాక, ఎండిన గడ్డి మీద ఏదో ఎర్రగా ఉంది. పాత చిత్రాల్లో వెతికాడు. ఏ ఏడాదిలోనూ లేదు.

దుప్పటి. ఉతికి ఆరేసినది కాదు. బట్టలారేసే తీగ ఇంటి పక్కన ఖాళీగానే ఉంది. చుట్టూ ఎనిమిది మైళ్ళ మేర దాన్ని చూసేవాళ్ళెవరూ లేరు, పైనుంచి తప్ప. ఎలాంటి ఆధారం కావాలని అడిగిన మనిషి, జవాబు రాకపోతే తనకు తోచింది చేసింది.

పురుషోత్తం మూసేసిన మూడు ఫిర్యాదులనూ మళ్ళీ తెరిచాడు. కారణాల జాబితాలో అట్టడుగున, ఆయన ఏడేళ్ళలో ఎప్పుడూ వాడని మాట ఉంది: పరిశీలకుడి తప్పు. మొదటిదానికి పెట్టాడు. రెండోదానికి పెట్టాడు. మూడోదానికి పెట్టేసరికి మూలనున్న స్కోరు తొంభై ఏడుకు దిగి రంగు మారింది. దూరం నుంచి కీర్తిక తలెత్తి ఇటు చూసింది. ఆయన చూడలేదు.

పల్లె జనాభా దగ్గర సున్నా అలాగే ఉంచాడు. ఉంచడానికి ఇంకేమీ లేదు. చిత్రాన్ని మాత్రం మూసెయ్యలేక, చక్రం తిప్పి ఇంకా దగ్గరికి, ఇక బొమ్మ చెదిరిపోతుందనేంత దగ్గరికి వెళ్ళాడు.

ఎర్రటి దుప్పటి, ముడత లేకుండా లాగి పరిచింది. గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు.