మెత్తసుత్తి

తొమ్మిదో దెబ్బ దగ్గర ఫిట్టరు ఆగి, ఎడమచేతి చూపుడువేలు బేరింగ్ అంచు మీద పెట్టి చూసుకున్నాడు. ఇంకా వెంట్రుకవాసి బయటికే ఉంది. అచ్చుయంత్రం రెండు పక్కపలకల మధ్య మనిషి నడుము పట్టేంత సందు మాత్రమే ఉంది. అందులో ఒక మోకాలు నేలకు మోపి, మెడ పక్కకు వంచి, వంపు తిరిగిన ఇత్తడి కడ్డీని సిలిండర్ వెనక్కి పోనిచ్చి, దాని ఇవతలి కొసను తోలుమూతి సుత్తితో కొడుతున్నాడు. ఇనుప సుత్తి ఈ యంత్రం దరిదాపులకు రాకూడదు. తళతళలాడే ఆ సిలిండర్ మీద ఒక్క గీత పడిందంటే, ఆ తర్వాత అచ్చయ్యే ప్రతి కాగితం మీదా అదే గీత పడుతుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన పని ఇదే: గట్టిగా కొట్టాలి, గుర్తు పడకూడదు. పెట్టెలో తోలుమూతిది, చెక్కది, నైలానుది, లోపల సీసపు గుళ్ళు పోసి ఎగిరిపడకుండా చేసినది, ఇన్ని రకాల సుత్తులున్నాయి. జానెడు నుంచి మూరెడు దాకా ఇత్తడి కడ్డీలున్నాయి. వంపు కడ్డీ మాత్రం ఎక్కడా దొరక్క ఆయనే కాల్చి వంచుకున్నాడు. ప్రెస్సులో అందరూ ఆయన్ని మెత్తసుత్తి అంటారు. నిజానికి నోటితో సుత్తి కొట్టడం ఆయనకు బొత్తిగా చేతకాదు. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పేరు పెట్టినవాడెవడోగానీ పని చూసే పెట్టాడు.

మాట తక్కువ కావడం ఈ ఏడాదిగా ఆయనకు బాగా కలిసొచ్చింది. బేరింగ్ తన గూట్లో పూర్తిగా కూర్చోగానే దెబ్బ చప్పుడు మారుతుంది; అంతదాకా ఖంగుమన్నది కాస్తా దబ్బుమంటుంది. కంటికి కనపడని చోట ఫిట్టరుకు ఆ చప్పుడే ఆధారం. అది ఆయనకు వినపడటం మానేసి ఏడాది దాటింది. ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిది. వేలితో తడిమి, దెబ్బలు లెక్కపెట్టి, ఎలాగో నెట్టుకొస్తున్నాడు. చెవులు పనిచెయ్యనివాణ్ణి యంత్రం దగ్గరికి రానివ్వరు. యంత్రం దగ్గరికి రాకపోతే తానెవరో ఆయనకే తెలియదు. అందుకే పొద్దున లేచింది మొదలు ఎవరైనా పిలిచారేమోనని ఊరికే వెనక్కి తిరిగి చూడటం అలవాటైపోయింది.

ఆ పొద్దునే ఇంట్లో కుక్కర్ మాడింది. మూడు విజిళ్ళు రాగానే దించమని చెప్పి భార్య మేడ మీద బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళింది. ఆయన కుక్కర్‌కు వీపు పెట్టి కూర్చుని బూట్లు తుడుచుకున్నాడు.

"రెండడుగుల దూరంలో కూర్చుని ఏం చేస్తున్నారండీ? రాజ్యాలేలుతున్నారా?" అంది ఆవిడ.

"ఏదో ఆలోచనలో పడ్డానే."

ఆవిడ ఆయన మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది. ఆయన గబగబా బయటపడ్డాడు. ప్రెస్సుకు చేరేదాకా ఆ చూపే ఆయన్ని తరిమింది.

ఇప్పుడు సందులోంచి చూస్తే ఎడమపక్క, యంత్రం కొసన, బటన్ల దగ్గర ఆపరేటరు కనిపిస్తున్నాడు. కుడిపక్క, సిలిండర్‌కు అవతల, ఇంకు తుడిచే ఆవిడ తలగుడ్డ మాత్రమే కనిపిస్తోంది. వాళ్ళిద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు. కాగితాలు మడిచే యంత్రం పక్కనే రోజంతా రొద పెడుతూ ఉంటుంది. అందుకని ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. సిలిండర్ తిప్పాలంటే ఆపరేటరు "తిప్పనా?" అని అడుగుతాడు. నడుమనున్న ఫిట్టరు ఆ మాట అవతలికి అందిస్తాడు. అవతల చెయ్యి లోపలుంటే "ఆగు" అంటారు, లేకపోతే "తిప్పు" అంటారు. ఫిట్టరు ఏది చెప్తే ఆపరేటరు అది చేస్తాడు. నడుమనున్నవాడి మాటే మాట.

ఈ ఏడాదంతా ఆయన పెదవులు చూసి బదులిచ్చాడు. ఆపరేటరు ఎదురుగానే ఉంటాడు కాబట్టి అతనితో చిక్కులేదు. ఆవిడ కోసం ప్రతిసారీ సందులోంచి లేచి తొంగిచూసేవాడు. "మాటిమాటికీ లేస్తున్నావేంటి బాబాయ్, నడుం పట్టేసిందా?" అని నిన్న ఆపరేటరు అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతోనే తన గుట్టు రట్టయిందనుకున్నాడు. అందుకే ఇవాళ లేవలేదు.

పదో దెబ్బకు ముందు సిలిండర్ నాలుగు వేళ్ళ మేర తిప్పాల్సి వచ్చింది. ఆపరేటరు పెదవులు కదిలాయి. "తిప్పమంటావా చెల్లెమ్మా?" అని ఆయన అవతలికి కేకేశాడు. తలగుడ్డ కిందికి వంగింది. తలూపిందనుకున్నాడు.

"తిప్పు," అన్నాడు.

సిలిండర్ కదిలింది. వెంటనే ఆపరేటరు బటన్ వదిలేసి, మొహం పాలిపోయి, అవతలికి పరుగెత్తడం కనిపించింది. ఆయన సందులోంచి ఎలా లేచాడో ఆయనకే తెలియదు.

ముందు కనిపించింది ఆవిడ చేతి రబ్బరు తొడుగు. రెండు సిలిండర్ల మధ్య వేళ్ళన్నీ లోపలికి పోయి, మణికట్టు అంచు మాత్రం బయటికి ఉంది. అందులో చెయ్యి ఉందో లేదో చూసే ధైర్యం ఆయనకు చాలలేదు.

ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి తెరుస్తోంది. అయిదూ ఉన్నాయి.

"ఆగమన్నాను అన్నయ్యా," అంది. ఆయన ఆమె పెదవులే చూస్తున్నాడు. "రెండుసార్లన్నాను. గుడ్డ లోపలికి జారితే వంగాను. తొడుగు పోతే పోయిందని చెయ్యి లాగేసుకున్నాను."

"ఈ రొదలో ఎవరికి వినపడుతుందిలే," అన్నాడు ఆపరేటరు. "ఎవరి తప్పూ కాదు బాబాయ్. మనం ముగ్గురం నోరు మూసుకుంటే సరి."

ఒక్కసారి తల ఊపితే చాలు, గండం గడుస్తుంది. ఆయనకు ఆశ పుట్టింది కూడా. ఆ ఆశకు తన మీద తనకే రోత పుట్టింది.

"రొద కాదురా," అన్నాడు. "నాకు వినపడదు. ఏడాది దాటింది."

ఏడాదిగా మింగుతూ వచ్చిన మాట, అనేశాక ఇంతేనా అనిపించింది. భయం మాత్రం పోలేదు.

బేరింగ్ పూర్తిగా కూర్చోకపోవడంతో సిలిండర్ ఒక పక్కకు వాలి తొడుగును కరుచుకుంది. వెనక్కి తిప్పితే ఒరుసుకుని పైపూత లేచిపోతుంది. బేరింగ్‌ను గూట్లోకి కొడితేనే సిలిండర్ సర్దుకుని దాన్ని వదులుతుంది. ఒక్క దెబ్బ ఎక్కువైనా బేరింగ్ పగులుతుంది. ఆయన కరెంటు మెయిన్ తీయించి మళ్ళీ సందులో దూరాడు. చేతిలో కడ్డీ కొస కుదురుగా నిలవడం లేదు.

ఆవిడ ఆయన ఎదుటికి వచ్చి వంగింది. "చప్పుడు నేను వింటాను. మారగానే వీపు తడతాను. మీరు కొట్టండి."

"నా పక్కన నిలబడతావా అమ్మా?"

"తొందరగా కానివ్వండి అన్నయ్యా. నాకింకా బోలెడు తుడిచే పనుంది."

ఆమె అరచెయ్యి ఆయన వీపు మీద ఆనింది. ఆయన కొట్టాడు, ఆగాడు, మళ్ళీ కొట్టాడు. ఏడో దెబ్బకు వీపు మీద రెండుసార్లు తట్టింది. ఆయన సుత్తి కింద పెట్టి ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తొడుగు ఊడొచ్చింది. సిలిండర్ మీద ఎక్కడా గీత లేదు.

మధ్యాహ్నం తనే మేనేజరు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. "స్టోర్లో కూర్చోండి, దానికేముంది," అన్నాడు మేనేజరు. రెండోసారి అన్నాక ఆయనకు అర్థమైంది.

"వాళ్ళడిగేది ఒకటి, నేనిచ్చేది ఒకటి అవుతుంది సార్."

మేనేజరు నవ్వలేదు. ఆయన రాజీనామా కాగితం మీద సంతకం పెట్టి బయటికొచ్చాడు. పెట్టె తాళం ఆపరేటరుకిచ్చి, వంపు కడ్డీని ఎలా పట్టుకోవాలో రెండుసార్లు చూపించాడు. ఆవిడతో చెప్పి వెళ్దామని అటు చూశాడు. ఆమె కొత్త తొడుగులు వేసుకుని, వంగి సిలిండర్ తుడుస్తోంది. ఆమె చెయ్యి లోపలుండగా పిలవడానికి ఆయనకు మనసొప్పలేదు. కాసేపు నిలబడి, గేటు దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం షిఫ్టు దిగేదాకా పాత తొడుగును ఎవరూ పారెయ్యలేదు. కాగితాలు పెట్టే బల్ల మీద అది వెల్లకిలా పడి ఉంది, అయిదు వేళ్ళూ అణిగిపోయి, కాగితమంత పల్చగా, లోపల ఏమీ లేకుండా.