నేనుండగా ఆగని మిషను

వరహాలుకి తను రాసే ప్రోగ్రాముల మీద నమ్మకం కాస్త ఎక్కువ. కాస్త ఏమిటిలెండి, తలకెక్కినంత. అది ఎనభై ఆరో, ఎనభై ఏడో. విశాఖపట్నం మొత్తం గాలించినా కంప్యూటరు కెర్నల్లో చెయ్యి పెట్టగలవాళ్ళు ఎంతమంది దొరుకుతారు? కెర్నల్ అంటే మిషనుకి ప్రాణంలాంటి ప్రోగ్రాము. మిగతా ప్రోగ్రాములన్నీ దాని దయ మీద బతకాల్సిందే. అందులో తను రాసినదాంట్లో తప్పుందని ఎవరైనా అంటే, అన్నవాడికి బుర్ర లేదని వరహాలు లెక్క.

అతని కంపెనీ పని, హార్బర్లో దిగిన స్టీల్ ప్లాంటు యంత్రాల పెట్టెల్ని దువ్వాడ గోడౌనుకి చేర్చడం. హార్బరు ఆఫీసులో ఒక మిషను, గోడౌనులో ఒకటి, మధ్యన టెలిఫోను లైను. పెట్టె రాగానే గోడౌను ఆపరేటరు దాని వివరం కొడతాడు. అది హార్బరుకి వెళ్తుంది. అక్కణ్ణించి 'అందింది' అని జవాబు రావాలి. సెకనులోగా రాకపోతే టైమరు మోగి అదే వివరం మళ్ళీ పంపిస్తుంది. ఈ పంపకాల వ్యవహారమంతా వరహాలు రాసిందే.

ఆ గోడౌను ఆపరేటరు పేరు గవర్రాజు. వరహాలు అక్క సూర్యకాంతమ్మ మొగుడు. వరహాలు ఇప్పుడంటే సీతమ్మధారలో అద్దెకుంటున్నాడు గానీ, కాలేజీ చదువంతా దువ్వాడలో వాళ్ళింటి అన్నం తిని చదివిందే. గవర్రాజు అంతకు ముందు రేవులో క్రేను దించిన మూటల్ని లెక్కపెట్టే టాలీ పని చేసేవాడు. ఎవరెంత ఆశపెట్టినా లెక్క అటూ ఇటూ చెయ్యలేదని, అబద్ధం ఆడటం చేతకాని మనిషని పేరు. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే. ఆ పని పోయాక వరహాలే మేనేజరు గురునాథరావుతో మాట్లాడి, ఆయన్ని ఇందులో పెట్టించాడు.

అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటే గోడౌను మిషను ఉన్నట్టుండి కొయ్యబారిపోవడం మొదలెట్టింది. ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. బయట లారీలు బారులు తీరేవి, డ్రైవర్లు నోటికొచ్చింది తిట్టేవారు.

వరహాలు ఉరుకులు పరుగుల మీద దువ్వాడ వెళ్ళేవాడు. వెళ్ళగానే ట్రేసు పెట్టేవాడు. అంటే మిషను వేసే ప్రతి అడుగునీ పక్కనున్న ప్రింటరు మీద కొట్టించే ఏర్పాటు. అది పెట్టి, బావ కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు. మిషను ఎంత బుద్ధిగా నడిచేదో! సాయంత్రం ట్రేసు తీసేసి ఇంటికొచ్చేవాడు. మర్నాడు మళ్ళీ ఫోను, మిషను ఆగిపోయిందని.

ఇలా పదే పదే జరిగేసరికి వరహాలుకి ఒకటే తట్టింది. నేనుంటే ఆగదు, నేను పోతే ఆగుతుంది. మరి నేను పోయాక అక్కడుండేది ఎవరు?

"ఏం ముట్టుకుంటున్నావు బావా?" అని అడిగాడు ఓ రోజు.

"నానేటి ముట్టుకుంతాన్రా వరాలూ? నువ్వు సూపించిన మీటలే కొడతన్నాను."

"ప్లగ్గు కదుపుతున్నావా?"

"నేదురా."

"పోనీ, కునికిపాట్లు పడుతూ మీటల మీద తల వాలుస్తున్నావా?"

గవర్రాజు నవ్వాడు. వరహాలు నవ్వలేదు. ఇంట్లో తమతో తమ యాసలోనే మాట్లాడే బావమరిది ఇవాళ ఆఫీసు భాషలో నిలదీస్తున్నాడని ఆయనకి అప్పుడర్థమైంది. నవ్వు ఆపేశాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. గురునాథరావు ఒకనాడు అందరి ముందూ, "ఏమయ్యా, అక్కడున్నది మీ బావేనటగా?" అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు వరహాలుకి ఒంటినిండా కారం రాసినట్టు మండింది. తిన్నగా గోడౌనుకి పోయి, "సింహాచలం కొండ మీద ప్రమాణం చేస్తావా?" అని అడిగేశాడు. తన కంటే పెద్దవాణ్ణి, తనకి అన్నం పెట్టినవాణ్ణి అలా అడగొచ్చా అని ఒక్క క్షణం ఆలోచిస్తేనా!

"నువ్వడిగినావు గదా. సేత్తాను, పద," అని గవర్రాజు లేచాడు.

అప్పటికప్పుడు బస్సెక్కారు. ఆ తొందరలో వరహాలు ట్రేసు తీసెయ్యడం మరిచిపోయాడు. కొండ మీద గుడి ముందు గవర్రాజు రాతి మీద కర్పూరం వెలిగించి, వట్టి అరచేత్తో ఆర్పాడు. "నాను ఆ మిషన్ని సెడగొట్టనేదు సామీ," అన్నాడు. వరహాలు పక్కన నిలబడి చూశాడు.

మర్నాటి నుంచి మిషను ఆగితే ఒట్టు! వారం తిరిగినా ఆగలేదు. వరహాలు ఛాతీ విరుచుకుని గురునాథరావు గదిలోకి వెళ్ళి, "చూశారా సార్? ప్రమాణం పనిచేసింది. భయపడ్డాడు," అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆ మాట లారీ డ్రైవర్ల నోళ్ళలో పడి దువ్వాడ చేరడానికి ఎంతసేపు? ఆ మర్నాడే గవర్రాజు గోడౌను తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి ఇంటికి పోయాడు, మళ్ళీ పనిలోకి రాలేదు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు పోతాడనుకున్నాడు వరహాలు. పైగా మనసు తేలికపడింది కూడా.

ఆపరేటరు లేక గోడౌనులో పని పేరుకుపోయింది. ఆదివారం పొద్దున్నే వరహాలే వెళ్ళి తలుపు తీశాడు. గోడవారగా ప్రింటరు కాగితాల కట్టలు. గవర్రాజు ఒక్కటి కూడా పారెయ్యకుండా చక్కగా మడిచి, పురికొసతో కట్టి పెట్టాడు. అరె, ట్రేసు ఆపనేలేదే అనుకుని, ఆపేసి, పెట్టెల వివరాలు కొట్టడం మొదలెట్టాడు. టీ తాగుదామని అనుకునేలోపే మిషను కొయ్యబారిపోయింది.

వరహాలు వెనక్కి తిరిగి చూశాడు. నిజంగానే చూశాడు, ఎవరైనా ఉన్నారేమోనని. గదిలో తను తప్ప పురుగు కూడా లేదు.

ట్రేసు పెట్టాడు. ఎంతసేపు కొట్టినా ఆగలేదు. తీశాడు. ఆగింది. అప్పుడు తెలిసింది. మిషన్ని బుద్ధిగా నడిపింది తన కాపలా కాదు, కొండ మీద కర్పూరమూ కాదు. ట్రేసు పెడితే మిషను నిదానిస్తుంది. నిదానిస్తే తప్పు బయటపడదు. తను చూడ్డానికి వచ్చినప్పుడల్లా తన చేత్తో తనే దాన్ని దాచిపెట్టాడు.

ప్రోగ్రాము కాగితాలు నేల మీద పరుచుకుని వరస వరసా చదివాడు. సాయంత్రానికి దొరికింది. పాలవాణ్ణి ఇవాళ రావద్దని చెప్పడానికి వాడింటికి వెళ్ళామనుకోండి. వాడు అప్పటికే వేరే దారిన బయల్దేరాడు. ఇంట్లో లేడు కదా, ఇంక రాడులే అనుకుని మనం తిరిగొచ్చి, పాలగిన్నెలో చారు కాచుకున్నాం. ఇంతలో వాడు రానే వచ్చి, ఆ చారులో పాలు పోశాడు. టైమరు మోగి పని మొదలెట్టబోయే ఆ రెప్పపాటులోనే జవాబు వస్తే జరిగేది అచ్చం ఇదే. ఆపడానికి టైమరు కనిపించలేదు గనక పనైపోయిందనుకుని, వరహాలు ప్రోగ్రాము మిషను జ్ఞాపకంలో ఆ వివరం ఉన్న జాగాని వేరే వివరానికి ఇచ్చేస్తుంది. టైమరు వచ్చి అందులో చెయ్యి పెడుతుంది, మిషను కొయ్యబారుతుంది. ట్రేసుతో నిదానించినప్పుడు ఆ రెండూ ఒకే రెప్పపాటులో కలవవు. దిద్దడానికి ఓ నాలుగు వరసలు పట్టాయి, అంతే.

నాలుగు వరసలు! దానికోసం బావ చేత కర్పూరం ఆర్పించాడు. అక్కడే నేల మీద కూర్చుని వరహాలు మొహం చేతుల్లో దాచుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఉమ్మెయ్యాలనిపించింది.

సోమవారం గురునాథరావుకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తిడతాడనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆయన టీ ఊదుకుంటూ, "బాగైపోయిందిగా? అయితే మీ బావని రేపట్నుంచి రమ్మను," అని ఫోనెత్తాడు. ఆయనకి అది అంతమాత్రపు పనే.

దువ్వాడలో గవర్రాజు గుమ్మం ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నున్నటి గుండు.

"ఇదేటి బావా?" అన్నాడు వరహాలు.

"కొండకెల్లి తలనీలాలిచ్చేసినాన్రా. తప్పు కాయమని."

"ఏటి తప్పు?"

"నాను ముట్టనేదని ఒట్టేసినాను గదా. ఆ మర్నాటి నుంచీ మిషను బాగయిపోనాది. సదువుకున్నోడివి, నువ్వూ అదే అన్నావంట. అంటే నాకు తెలకుండానే నా సెయ్యి ఏటో సేసేసినాదన్నమాట. సామి ముందర అబద్దమాడేసినాను." ఆయన అరచేతిలోకి చూసుకున్నాడు. "ఎన్నడూ ఆడనేదురా."

వరహాలు మంచం పక్కన కూలబడ్డాడు. "బావా, తప్పు నాది. నాను రాసిందాన్లోనే ఉంది. నువ్వేటీ సెయ్యనేదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి అంతన్నావా?"

ఒట్టు అనబోయి వరహాలు నాలిక కరుచుకున్నాడు. ఆ మాట అనే మొహం తనకి లేదు. "నిజం బావా. నాదే. నిన్ను రేపట్నుంచి పనిలోకి రమ్మన్నారు."

ఆ రెండో మాట గవర్రాజు చెవిన పడలేదు. దిగ్గున లేచి నిలబడ్డాడు. "ఒలే, ఇన్నావేటే? నాను అబద్దమాడనేదంట!"

సూర్యకాంతమ్మ చేపలు కడుగుతున్న చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. తమ్ముడి వైపు చూడలేదు. "నాను మొదట్నుంచీ సెప్తన్నాను గదా, ఆడి మాట ఇనకని," అని లోపలికి పోయింది. ఎదురుగా నిలబడ్డ తనని అక్క 'ఆడు' అన్నందుకు వరహాలు నొచ్చుకోలేదు. ఇంకో రెండు అంటే బాగుండుననుకున్నాడు.

గవర్రాజుకి కోపం రాలేదు. వస్తుందేమోనని వరహాలు ఎంత ఎదురుచూసినా రాలేదు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. బావమరిది చెయ్యి పట్టుకుని పక్కింటికి లాక్కుపోయాడు. "వరాలూ, ఈల్లకి కూడా ఓపాలి సెప్పరా."

వరహాలు చెప్పాడు. అవతలింటి దగ్గరా చెప్పాడు. ఆపైన బడ్డీకొట్టు దగ్గర, లారీ డ్రైవర్లు టీ తాగుతున్న చోట నిలబడి, తప్పు తనదేనని, బావ ఏ పాపమూ ఎరగడని అందరికీ వినబడేలా చెప్పాడు. గవర్రాజు పక్కనే నిలబడి గుండు తడుముకుంటూ, ప్రతిసారీ అప్పుడే మొదటిసారి వింటున్నట్టు విన్నాడు.