పాట ఇంకా మొదలవలేదు

వరహాలక్ష్మి ఇరవై రెండేళ్లుగా తంబురా వాయిస్తోంది. పాడటం ఆమెకు రాదు. పాడేవాళ్లకి శ్రుతి అందేలా నాలుగు తీగలు ఒకదాని తర్వాత ఒకటి మీటుతూ కూర్చోవడమే ఆమె వృత్తి. చోడవరం గాయని శ్రీదుర్గ ఎక్కడ కచేరీ చేసినా తంబురా వరహాలక్ష్మిదే. కరోనా వచ్చి పెళ్లిళ్లూ ఉత్సవాలూ ఆగిపోయేసరికి ఇద్దరికీ పని లేకుండా పోయింది.

అప్పుడే శాస్త్రీయ సంగీతకారులకు చేయూతనిచ్చే పథకం ఒకటి వచ్చింది. దరఖాస్తు పెట్టుకుంటే ఉద్యోగి ఇంటికొచ్చి, విని, రాసుకుపోతాడు. ముందు శ్రీదుర్గ ఇంటికి ఎవరో వచ్చారు. ఆమె ఏడు నిమిషాలు కమ్మగా పాడింది. "గొంతు బాగుంది, కష్టాల్లో ఉన్నట్టు లేదు" అని రాసి దరఖాస్తు కొట్టేశారు.

వరహాలక్ష్మి ఇంటికి వచ్చినాయన పేరు హరిబాబు. రావికమతం నుంచి బండి మీద వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. సంగీతం తెలీదు గానీ మనిషి మంచివాడు, ఉన్నదున్నట్టు రాసే రకం.

"మొదలెట్టండమ్మా" అన్నాడు కుర్చీలో సర్దుకుని.

"మొదలెట్టేను బాబూ."

హరిబాబు తలూపి పావుగంట విన్నాడు. "కంగారు లేదమ్మా, నెమ్మదిగా సరి సేసుకోండి. పాట వచ్చినప్పుడే రాసుకుంతాను."

"పాట రాదు బాబూ. నేను వాయించేది ఇదే."

"ఇయ్యాల రాదా?"

"ఎప్పుడూ రాదు."

అతను ఫారం తిప్పి చూపించాడు. 'పాట మొదలైన సమయం' అని అందులో ఒక గడి ఉంది. "ఇది ఖాళీగా వదిలితే తీసుకోరమ్మా. అలాగని అబద్ధం రాయలేను."

మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాడు. చివరికి "దరఖాస్తుదారు శ్రుతి చేసుకుంటున్నారు. పాట ఇంకా మొదలవలేదు" అని రాసి వెళ్లిపోయాడు.

ఇరవై రోజులకి పైనుంచి ఉత్తరం వచ్చింది. "సదరు కళాకారిణి సన్నాహక దశలో ఉన్నందున, పాట మొదలయ్యే వరకు నెలనెలా సన్నాహక భత్యం చెల్లించవలెను. పాట మొదలైన వెంటనే భత్యం నిలిపి, ఏకమొత్తం సాయం పరిశీలించబడును."

భత్యం నిజంగానే వచ్చింది. వరహాలక్ష్మి అందులో సగం శ్రీదుర్గ చేతిలో పెట్టింది. శ్రీదుర్గ మొదట వద్దంది, తర్వాత తీసుకుని ఏడ్చింది.

హరిబాబు ప్రతి నెలా వచ్చి, పాట మొదలవలేదని చూసుకుని వెళ్లేవాడు. ఎదురింటి అచ్చియ్యమ్మ సాక్షి సంతకం పెట్టేది. మూడో నెల ఫారంలో కొత్త గడి చేరింది, 'సన్నాహం ఎంత శాతం పూర్తయింది' అని.

"వందకి వంద" అంది వరహాలక్ష్మి.

"వంద రాస్తే మొదలైపోయినట్టేనమ్మా" అని బతిమాలి అతను తొంభై వేశాడు. తర్వాత నెల తొంభై ఒకటి. పదో నెలకి తొంభై ఏడు అయింది. ఆ పైన అరలూ పావులూ వేద్దామన్నాడు.

ఇబ్బందల్లా శ్రీదుర్గకి వచ్చింది. రోజూ సాధనకి వచ్చేది గానీ, నోరు తెరిస్తే పాట మొదలైందని వీధి వీధంతా తెలిసిపోతుంది. అందుకని తంబురా పక్కన నోరు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ కూర్చునేది. నుదుటి మీద చెమట పట్టేది. ఇంటికెళ్లి ఒక్కర్తే పాడుకుందామంటే తంబురా లేక పాట కుదిరేది కాదు.

పదకొండో నెలలో హరిబాబు వచ్చిన రోజున కూడా శ్రీదుర్గ అక్కడే ఉంది. వరహాలక్ష్మి మీటుతోంది. హరిబాబు కళ్లు మూసుకుని వింటున్నాడు. ఏ క్షణాన అదుపు తప్పిందో గానీ, శ్రీదుర్గ షడ్జం అందుకుంది. అందుకున్నాక ఇక ఆపలేకపోయింది. అచ్చియ్యమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పాట అయిపోయేసరికి శ్రీదుర్గ మొహం పాలిపోయింది.

"అక్కా, నీ నోటి దగ్గర కూడు తీసేను."

హరిబాబు ఫారం ముందుకు లాక్కుని రాశాడు. చదివి వినిపించాడు కూడా. "పాట మొదలైంది. పాడినవారు వేరు. దరఖాస్తుదారు ఇంకా శ్రుతి చేసుకుంటూనే ఉన్నారు." తలెత్తి, "భత్యం ఆగదమ్మా" అన్నాడు సంతోషంగా.

వరహాలక్ష్మి వేళ్లు ఆగాయి.

"అలా రాయకు బాబూ. నేను వాయించేనని రాయి."

"అలా రాస్తే ఆగిపోద్దమ్మా."

"తెలుసు. పదకొండు నెలలు డబ్బు కోసం నోరు మూసుకున్నాను. ఇది నా పక్కనే కూచుని పాడింది. నేను శ్రుతి చేసుకుంటన్నానంటే, ఇది దేన్ని పట్టుకుని పాడినట్టు?"

హరిబాబు శ్రీదుర్గ వైపు చూశాడు. అతను పాత వాక్యం కొట్టేసి, "తంబురా వాయించారు. బాగుంది" అని రాశాడు. 'బాగుంది' అన్నదానికి ఫారంలో గడి లేదు. అంచున రాసుకున్నాడు.

భత్యం ఆగిపోయింది. రెండు నెలలు కష్టంగానే గడిచాయి. తర్వాత చీడికాడ వైపు ఒక గృహప్రవేశానికి పిలుపొచ్చింది, గోవాడలో ఇంకొకటి.

ఏకమొత్తం సాయం డబ్బాలో వచ్చింది. విప్పితే ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె. మీట నొక్కితే చాలు, తంబురా మనిషి అక్కర్లేకుండా అదే మోగుతుంది. "వాద్య కళాకారిణి శ్రమ తగ్గించు నిమిత్తం" అని పైన చీటీ అంటించారు.

శ్రీదుర్గకి కోపం వచ్చింది. వరహాలక్ష్మికి మాత్రం సరదా పుట్టింది. ప్లగ్గు పెట్టి, "పాడవే, చూద్దాం" అంది. చేతులకి పని లేకపోవడంతో ఎక్కడ కూర్చోవాలో తెలీక, వచ్చి శ్రీదుర్గకి ఎదురుగా చాప మీద కూర్చుంది. ఇన్నేళ్లూ వేదిక మీద వెనకాలే, సాధనలో పక్కనే కూర్చుని ఆమె జడని చూసింది గానీ, పాడేటప్పుడు మొహం ఎప్పుడూ ఎదురుగా చూడలేదు.

శ్రీదుర్గ ఆలాపన అందుకుంది. పైస్థాయికి వెళ్లేసరికి ఒక కన్ను మూసి, మూతి ఎడమకి తిప్పి, పంటి నొప్పి ఉన్నదానిలా అయిపోయింది. వరహాలక్ష్మి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"ఏవిటక్కా?" అంది శ్రీదుర్గ పాట ఆపి.

"ఒసే దుర్గా, ఇరవై రెండేళ్లూ జనం ముందు ఇలాగే పెట్టేవా మొహం?"