వాడి మీదికి బంతి రానివ్వకు

ప్రేమజ్యోతికి భయం వేయని వస్తువు అమెరికాలో వాళ్ళుండే క్యారీ ఊళ్ళో ఇంకా అమ్మకానికి రాలేదని ఆమె భర్త సుందర్ రాజ్ అంటుంటాడు. గరాజ్ తలుపు నెత్తిన పడుతుందని భయం. డిష్‌వాషర్ పేలుతుందని భయం. ఇంటి వెనక గడ్డిలో పాము ఉందని భయం. ఎవరైనా వెంటనే ఫోను ఎత్తకపోతే, వాళ్ళు ఎత్తేలోపు ఆమె మనసులో వాళ్ళ భూస్థాపన కూడా అయిపోతుంది.

అలాంటి తల్లి కడుపున పుట్టినవాడు ఏం ఉద్యోగం ఎంచుకోవాలి? నాన్నలాగా మందుల కంపెనీలో చేరొచ్చు. అక్క జెమీమాలాగా కంప్యూటరు ముందు కూర్చోవచ్చు. కాలేబ్ ఆ రెండూ కాదని అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్ అయ్యాడు. అంటే మైదానం అంచున నిలబడి, ఆట మొదలవగానే జింకలా పరుగెత్తి, వెనక నుంచి తమ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వేసిన బంతిని గాల్లోనే అందుకోవాలి. అందుకున్న మరుక్షణం అవతలి జట్టువాళ్ళు ఆంబోతుల్లా వచ్చి నేలకేసి కొడతారు. అది తప్పు కాదట. వాళ్ళ డ్యూటీ అట.

కొడుకు హైస్కూల్లో ఆడిన మొదటి ఆటలోనే ప్రేమజ్యోతి ఒక సంగతి కనిపెట్టింది. చదువు పదో తరగతితో ఆగిపోయినా ఇలాంటివి పట్టడంలో ఆమెకు ఆమే సాటి. బంతి ఎవడి చేతిలో ఉంటే వాడి మీదే అందరూ పడుతున్నారు. బంతి లేనివాడు ఎంత పరుగెత్తినా వాడి జోలికి పెద్దగా పోవడం లేదు. కాబట్టి పిల్లాడు ఆడుకుంటే ఆడుకోనీ, పరుగు ఒంటికి మంచిదే. బంతి మాత్రం వాడి దరిదాపుల్లోకి రాకూడదు.

వాళ్ళ తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం సాయంత్రాలు ఆరాధన జరుపుకుంటుంది. పాటలయ్యాక ఒక్కొక్కరే లేచి ప్రార్థన అవసరతలు చెప్పుకుంటారు. ఒకరికి వీసా స్టాంపింగ్, ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి కోడలు. ఆ వారం ప్రేమజ్యోతి లేచి, "మా బాబు మీదికి బంతి రాకుండా ప్రార్థించండి పాస్టర్‌గారూ" అంది. పాస్టర్‌గారికి క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. బంతి వచ్చి మూతికి తగులుతుందని కాబోలనుకుని నిండు మనసుతో ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది.

అప్పటి నుంచి ఆ ప్రార్థన సాగుతూనే ఉంది. అయినా కాలేజీలో వాడికి బంతులు బాగానే వచ్చాయి. ప్రార్థనలో బలం చాలడం లేదనుకుని ఆమె దాన్ని శుక్రవారం ఉపవాస కూడికలో కూడా చేర్పించింది. ఈ వేసవిలో ఒక పెద్ద ప్రొఫెషనల్ జట్టు వాడిని శిక్షణకు పిలిచింది. అసలు సీజనుకు ముందు ఆడే ఆటల్లో రెండు అయిపోయాయి. కాలేబ్ రెండింట్లోనూ పరుగెత్తి పరుగెత్తి వచ్చాడు. ఒక్క బంతీ వాడి వైపు రాలేదు. దేవుడు ఆలస్యం చేశాడేగానీ మరచిపోలేదని ప్రేమజ్యోతి సేమ్యా పాయసం కాచి ఇంటింటికీ పంచింది.

ఆ ఆదివారం కాలేబ్ సెలవు దొరికి ఇంటికొచ్చాడు. చాలా రోజులకు అమ్మానాన్నలతో చర్చికి వెళ్ళాడు. తల వంచుకుని కూర్చున్నాడు. పాస్టర్‌గారు చేతులెత్తారు.

"ఈ రెండు ఆటల్లోనూ మా కాలేబ్ బాబు మీదికి ఒక్క బంతినైనా రానియ్యక కాపాడిన దేవా, నీకు స్తోత్రం. రాబోయే శనివారం కూడా బంతిని వాడికి దూరపరచుము తండ్రీ."

కాలేబ్ ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోదీ తెరిచాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు కారు జెమీమా డ్రైవ్ చేస్తోంది.

"అమ్మా, ఆ ప్రేయర్ ఎవరు అడిగింది?" అన్నాడు కాలేబ్ వెనక సీట్లోంచి.

"నేనే నాన్నా. నువ్వు నైన్త్ గ్రేడ్‌లో ఉన్నప్పటి నుంచీ."

జెమీమా పగలబడి నవ్వింది.

"రోడ్డు చూడవే తల్లీ! ట్రక్కు!"

"అది పార్క్ చేసి ఉందమ్మా."

"ఇన్ని రోజులు మా క్వార్టర్‌బ్యాక్‌కి నేనంటే ఇష్టం లేదు అనుకున్నాను," అన్నాడు కాలేబ్. "పాపం వాడు ఏం చేస్తాడు? అంతమంది ఆంటీలు అడ్డం ఉంటే బాల్ ఎట్లా వస్తది?"

"నేను ఆమేన్ అనలేదురా," అన్నాడు సుందర్ రాజ్.

"అన్నారండీ! అందరికన్నా గట్టిగా అన్నారు!"

"అయ్యాక బిర్యానీ ఉందిగా, అందుకన్నాను."

అందరూ నవ్వారు. కాలేబ్ నవ్వు ముందుగా ఆగిపోయింది.

"అమ్మా, బాల్ పట్టుకోవడమే నా జాబ్. రాకపోతే నేను అక్కడ ఎందుకు? శనివారం లాస్ట్ గేమ్. అది అయిన తర్వాత చాలామందిని ఇంటికి పంపిస్తారు."

'ఇంటికొస్తే మంచిదేగా' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి తిరిగి వాడి మొహం చూసింది. మాట లోపలికి పోయింది. ఇన్నేళ్ళూ ఆమె ఎవడు వాడి మీద పడతాడా అని చూసిందేగానీ, బంతి రానప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో చూడలేదు.

మర్నాడు ప్రేమజ్యోతి సంఘం వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "సిస్టర్స్, దయచేసి బంతి ప్రార్థన ఆపేయండి."

"అయ్యో, బాబుకేమైనా అయిందా అక్కా?" అని అందరూ కంగారుపడ్డారు. పాస్టర్‌గారు స్వయంగా ఫోన్ చేశారు.

"ఆపడం వరకేనా అమ్మా, లేకపోతే రావాలని అడగమంటారా?"

"ఆపండి చాలు పాస్టర్‌గారూ. మిగతాది... నేనే అడుగుతాను."

కానీ అడగలేకపోయింది. మోకరించి, "ప్రభువా, వాడికి బంతి" అనేంతవరకు వచ్చేది. ఆ పై మాట దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకరోజు ఎలాగో ధైర్యం చేసి, "బంతి రావాలి గానీ మనుషులు రాకూడదు" అని ముగించింది.

"దేవుడితో కూడా బేరమేనా? అదేమన్నా రైతుబజారా?" అన్నాడు పక్క గదిలోంచి సుందర్ రాజ్.

"మీరు పేపరు చదువుకోండి."

శనివారం వచ్చింది. ఎప్పుడూ వంటింట్లోంచి టీవీ వంక ఓరగా చూసే మనిషి, ఈసారి స్టేడియానికి వస్తానంది. హ్యాండ్‌బ్యాగులో జండూబామ్, గ్లూకోజు, క్రేప్ బ్యాండేజీ సర్దుకుంది. అంత పెద్ద బ్యాగు లోపలికి రానివ్వమని గేటు దగ్గర వెనక్కి పంపితే, కారులో పెట్టి ఉత్త చేతులతో వచ్చి కూర్చుంది.

కాలేబ్‌ను ఆట సగం దాటాక గానీ దింపలేదు. వాడు పరుగెత్తాడు, తిరిగాడు, చేతులు చాపాడు. బంతి ఇంకొకడికి వెళ్ళింది. మళ్ళీ పరుగెత్తాడు, మళ్ళీ ఎవరికో వెళ్ళింది. వాడు తల వంచుకుని నడిచి వెనక్కి వచ్చాడు. పంక్తిలో అందరితో పాటు కూర్చున్న పిల్లాడి విస్తరి దాటుకుని వడ్డన వెళ్ళిపోతున్నట్టు అనిపించింది ప్రేమజ్యోతికి. కొడుకు విస్తరి ఖాళీగా ఉంటే చూస్తూ ఊరుకునే తల్లి ఎక్కడుంటుంది?

మరోసారి వాడు మైదానం మధ్యలోకి దూసుకొచ్చాడు. చుట్టూ ఎవరూ లేరు. ఆమె లేచి నిలబడింది.

"వాడికివ్వండయ్యా! అక్కడ ఒంటరిగా నిలబడ్డాడు కదా, కనిపించడం లేదా! ఇవ్వండి!"

అడిగింది క్వార్టర్‌బ్యాక్‌నో పైవాడినో ఆమెకే తెలియదు. బంతి లేచింది. కాలేబ్ ఎగిరి రెండు చేతులా అందుకున్నాడు. వాడి కాళ్ళు నేలకు ఆనేలోపే ఇద్దరు వచ్చి గుద్దేశారు. ముగ్గురూ కుప్పగా కూలారు.

ప్రేమజ్యోతికి పైప్రాణాలు పైనే పోయాయి. కానీ కళ్ళు మూసుకోలేదు. ఒకడు లేచాడు. ఇంకొకడు లేచాడు. కాలేబ్ ఒక మోకాలి మీద లేచి, బంతిని పైకెత్తి చూపించాడు.

"ప్రేమా, చూశావా!" అంటూ సుందర్ రాజ్ గంతేశాడు.

"అడ్డం తప్పుకోండి," అంది ఆమె. "ఇంకా టైమ్ ఉందిగా. మళ్ళీ వాడికే వెయ్యమనండి."

వారం మధ్యలో కాలేబ్ ఫోన్ చేశాడు. జెమీమా స్పీకర్‌లో పెట్టింది. వాడికి అసలు జట్టులో చోటు రాలేదు. ఇంటికీ పంపలేదు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉంచుకున్నారు. వారమంతా జట్టుతో కలిసి సాధన చేయాలి. ఆట రోజున మాత్రం చాలాసార్లు మామూలు బట్టల్లో పక్కన నిలబడాలి.

"నీకు హ్యాపీ కదా అమ్మా? గేమ్ లేదు, హిట్ లేదు."

"పక్కన నిలబడడమేంటి? మొన్న అంత బాగా పట్టినవాణ్ణి పక్కన నిలబెడతారా? మీ కోచ్ నంబరు పెట్టు."

"అమ్మా, నో!"

"తిట్టనులేరా. మర్యాదగానే అడుగుతాను."

"అమ్మా, వాడికి ఛాన్స్ ఉంది," అంది జెమీమా. "మెయిన్ టీమ్‌లో రిసీవర్ ఎవరికైనా దెబ్బ తగిలితే వీణ్ణి పిలుస్తారు."

 

"అలా ఎలా కోరుకుంటానే? ఆ పిల్లాడికీ తల్లి ఉంటుంది," అంది ప్రేమజ్యోతి. తర్వాత ఫోను దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "నాన్నా, దెబ్బే తగలాలా? ఓ రెండు వారాలు తగ్గని జలుబు చేస్తే సరిపోదూ?"