సుబ్బారావు ఏరిన సామాను

సుబ్బారావును నేను మూడుసార్లు కొట్టాను. మొదటి రెండుసార్లూ తప్పు వాడిదేనని చెప్పుకుంటూ చాలా ఏళ్ళు గడిపాను. మూడోసారి సంగతి మాత్రం ఎంత తిప్పి చెప్పుకున్నా కుదరలేదు.

తొంభై ఎనిమిదిలో దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక విల్లా వెనక గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను సైట్లో ఎలక్ట్రీషియన్ని, మాది జగిత్యాల వైపు. సుబ్బారావుది కాకినాడ. ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్డింగుల డ్రాయింగులు గీసేవాడు. మూడోవాడు హైదరాబాద్ నుంచి వచ్చిన రఫీయుద్దీన్, పికప్ డ్రైవరు. ఖతర్‌కు రాకముందు నేను ఆరేళ్ళు సౌదీలో, దమ్మాంలో పనిచేశాను. అక్కడి క్యాంప్‌లో ఒకడి దవడ పగలగొడితే కంపెనీవాళ్ళు నా పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించి విమానం ఎక్కించారు. ఇక్కడ కూడా చెయ్యి చేసుకున్నానని ఒక్క కంప్లైంట్ పడితే నా గల్ఫ్ బతుకు ముగిసినట్టే. ఆ సంగతి నాకు తెలుసు, నా చేతికి తెలియదు.

కంప్యూటర్ ఆలోచన నాదే. పక్క విల్లాలో కొందరు సొంతంగా ఒకటి కట్టుకుని శుక్రవారాలు తుపాకీ ఆట ఆడేవాళ్ళు. సందుల్లో పరుగెత్తుతూ ఎదురొచ్చినవాణ్ణల్లా కాల్చిపారెయ్యాలి. గోడల మీద నెత్తురు చిందుతుంది. వారమంతా ఫోర్‌మన్ తిట్లు మింగినవాడికి అంతకంటే ఏం కావాలి? కానీ నా వంతు వచ్చేసరికి సెలవు కాస్తా అయిపోయేది. మనకే ఒకటి ఉండాలని పట్టుబట్టి సుబ్బారావును ఒప్పించాను. చెరిసగం అనుకున్నాం.

ఏ సామాను కొనాలన్న దగ్గర గొడవ మొదలైంది. నాకు తెలిసిందల్లా ప్రాసెసర్. దాని మీద అంకె ఎంత పెద్దదైతే మెషిన్ అంత జోరుగా పోతుందని నా లెక్క. సుబ్బారావు ఒప్పుకోలేదు. ఆటలో బొమ్మను గీసేది త్రీడీ కార్డు, ముందు అది కొందాం, ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు అన్నాడు. నేను కుదరదన్నాను. దుకాణంలో అమ్మేవాడి ముందే వాడు విసుక్కున్నాడు.

"నీకు వైర్లు లాగడం వచ్చు తిరుమల్. అది చూసుకో. ఇవన్నీ నాకొదిలెయ్."

లాగి చెంప మీద ఒకటిచ్చాను. కళ్ళజోడు ఎగిరి గాజు బల్ల కింద పడింది. అమ్మేవాడు ఫోన్ అందుకోబోతే సుబ్బారావే "మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్" అని, ఏం ఫరవాలేదని అరబ్బీలో సర్దిచెబుతూ నన్ను బయటికి లాక్కొచ్చాడు. చివరికి నేను చెప్పిన ప్రాసెసరే కొన్నాం.

రెండు రోజుల తర్వాత డ్యూటీ నుంచి వచ్చి చూస్తే నా ప్రాసెసర్ లేదు. దాన్ని దుకాణంలో తిరిగిచ్చేసి, చిన్నది తీసుకుని, మిగిలినదానికి త్రీడీ కార్డు పట్టుకొచ్చాడు సుబ్బారావు. పైగా మొహమంతా నవ్వు.

"ఒక్కసారి ఆడి చూడవయ్యా. బాగోకపోతే అప్పుడు తిట్టు."

నేను తిట్టలేదు. పిడికిలి బిగించి మూతి మీద గుద్దాను. పై పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. వెనక్కి పడుతూ కూడా వాడు ఆ కార్డు నేలకు తగలకుండా పైకెత్తి పట్టుకున్నాడు. అది చూసి నాకు నవ్వొచ్చింది. రఫీ నవ్వలేదు.

"ఏంది భాయ్ ఇది? నీకు దమ్మాంల అయింది సాలదా? వీడు పోలీసుల దగ్గరికి పోతె నీ కథ ఖతం."

"పోనీ. ఎట్ల పోతడో నేనూ సూస్త" అన్నాను. సుబ్బారావు పోలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలించి పడుకున్నాడు.

ఆ శుక్రవారం రఫీ నమాజు నుంచి వచ్చేసరికి గది మధ్యలో సామానంతా పరిచి కూర్చున్నాం. కేబినెట్టూ, దాని వెనక ఉండే పవర్ సప్లై డబ్బా మాత్రం పాతవి. వాళ్ళ ఆఫీసులో ఇంటికెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర సుబ్బారావు తీసుకున్నాడు. కొత్తవి కొందామని నేనంటే, నిన్నటిదాకా నడిచినవే కదా అన్నాడు. ర్యామ్, కార్డులు వాడు బిగించాడు. వైర్లూ స్క్రూలూ నావి. రేకు అంచులు తగిలి ఇద్దరి వేళ్ళూ తెగాయి. అంతా అయ్యాక వాడు పక్కకు జరిగాడు.

"నీ కోరికే కదా. నువ్వే నొక్కు" అన్నాడు.

నొక్కాను. ఢామ్మని పేలింది. డబ్బాలోంచి నీలంగా మంట ఒకటి మెరిసి పొగ కక్కింది. గదిలో కరెంటు పోయి ఏసీ ఆగిపోయింది. కిటికీలోంచి వచ్చే ఎండలో పొగ సుడులు తిరుగుతోంది. నాకు ఒళ్ళు తెలియలేదు.

"పాతది వద్దన్ననా లేదా? ఇన్నవా బే? ఇన్నవా?"

సుబ్బారావు వంగి కేబినెట్ వెనక చూస్తున్నాడు. తలెత్తి ఏదో అనబోయి ఆగాడు. ఆ ఆగడం చూసి తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది నాకు. పక్కనున్న కేబినెట్ రేకు మూత రెండు చేతులా ఎత్తి మొహం మీద కొట్టాను. అంచు కనుబొమ మీద దిగి చెంపదాకా చీరుకుంటూ పోయింది. నెత్తురు ఒక్కసారిగా ఎగజిమ్మి, తెరిచి ఉన్న కేబినెట్‌లో పచ్చటి బోర్డు మీద పడింది. వాడి ఛాతీ మీద కూర్చుని, గొంతు పట్టుకుని, తలను టైల్స్‌కేసి మోదాను. ఎన్నిసార్లో తెలియదు. వాడు ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. ఒక కన్ను నెత్తుట్లో మునిగిపోయింది, రెండోది నన్నే చూస్తోంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది. వారమంతా నేను ఎదురుచూసే హాయి అదే.

రఫీ నా జుట్టు పట్టి వెనక్కి ఈడ్చి, కడుపులో తన్ని, మంచం కోడుకేసి విసిరికొట్టాడు. "సచ్చిపోతడురా, జానవర్!" అని అరిచాడు. అప్పుడు గానీ నాకు ఆ గదిలో ఏం జరిగిందో కనిపించలేదు.

ఆసుపత్రిలో ఇరవై కుట్లు వేశారు. కన్ను సంగతి వాపు తగ్గితే గానీ చెప్పలేమన్నారు. దెబ్బలు చూసి డాక్టరు పోలీసును పిలిచాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పోలీసు అరబ్బీలో అడిగాడు, రఫీ తెలుగులో చెప్పాడు.

"ఎవలన్న కొట్టిండ్రా అని అడుగుతుండు."

"లేదు. కాలుజారి కంప్యూటర్ రేకు మీద పడ్డాను" అన్నాడు సుబ్బారావు.

పోలీసు నా చేతులకేసి చూశాడు. వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి. చాలాసేపు చూసి, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఇలాంటి దోస్తు ఇంకెక్కడ దొరుకుతాడు, జన్మలో వీడి మీద చెయ్యెత్తను అని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు డ్యూటీ అయ్యాక గది కడిగాను. పేలిన డబ్బా పారేద్దామని విప్పుతుంటే దాని వెనక, ఫ్యాను పక్కన, ఏ వోల్టేజి మీద నడవాలో పెట్టే చిన్న ఎర్ర స్విచ్ కనిపించింది. అది 115 మీద ఉంది. ఖతర్‌లో కరెంటు రెండువందల నలభై వోల్టులు. ఆ స్విచ్ 230 వైపు ఉండాలి. మొన్నటిదాకా ఆ ఆఫీసాయన ఇంట్లో 230 మీదే ఉండి నడిచింది కూడా.

దాన్ని జరిపింది నేను. దమ్మాంలో మా క్యాంప్ ప్లగ్గుల్లో ఇక్కడి వోల్టేజిలో సగమే వచ్చేది. ఎవరు టేప్‌రికార్డర్ తెచ్చినా, ఏం తెచ్చినా, ముందు స్క్రూడ్రైవర్ మొనతో ఆ స్విచ్‌ను 115 వైపు తొయ్యడం నా పని. ఆరేళ్ళు చేశాను. నిన్న ఆఖరి స్క్రూ బిగించి, అదే మొనతో, చూడనైనా చూడకుండా తోసేశాను. ఎలక్ట్రీషియన్ని!

అలాగే పరుగున ఆసుపత్రికి పోయాను. సుబ్బారావు సగం మొహానికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నీ సామానుల ఏ తప్పు లేదు సుబ్బారావ్. ఆ స్విచ్ నేనే తప్పు పెట్టిన."

"తెలుసు" అన్నాడు వాడు.

"ఎట్ల తెలుసు?"

"పొగ రాగానే వంగి చూశాను కదా. అప్పుడే కనబడింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

సుబ్బారావు నావైపు తిరిగాడు.

"తప్పు నీదంటే చంపేసేవాడివి" అన్నాడు.

 అయినా అడిగాను. "పోలీసుకన్న చెప్పకపోతివి. నన్ను కాపాడినవనుకున్న."

"నేను చెప్పినా పోలీసులు నిన్ను ఆ రాత్రికే తీసుకెళ్ళకపోతే? నేను రావాల్సింది ఆ గదికే కదా. పడుకోవాల్సింది నీ పక్క మంచం మీదే కదా."

దాహంగా ఉందేమో అనిపించి, పక్క బల్ల మీదున్న జ్యూస్ డబ్బా ఇద్దామని చెయ్యి చాపాను. సుబ్బారావు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.